మా నాయన ఎంచిన పడవ

మా నాయన సముద్రాన్ని మొదటిసారి చూసింది యాభై రెండో ఏట. అంతకు నెల ముందే, బత్తలపల్లెలో మా రేకుల షెడ్డు ముందర కూర్చుని, ఆ సముద్రంలో తిరగాల్సిన పడవ ఏదో తేల్చేశాడు. నేను పనిచేసిన బళ్లలో ఈ మాట చెప్పినప్పుడల్లా తోటి టీచర్లు నవ్వేవాళ్లు. అనంతపురం జిల్లా మనిషికి పడవతో పనేమిటని అడిగేవాళ్లు. పని ఎట్లా పడిందో చెబుతాను.

మా నాయన ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. డెబ్బైల్లో మా వైపు బావులకు కరెంటు మోటార్లు ఇంకా అంతగా రాలేదు. డీజిలు ఇంజన్లే. వానలు లేని ఏళ్లలో బావిలో నీళ్లు కిందికి పోయేకొద్దీ రైతులు ఇంజన్నూ కిందికి దించుకుంటూ పోయేవాళ్లు. బావి గోడలో రాయి తొలిచి, చిన్న దిమ్మె కట్టి, దాని మీద ఇంజను కూర్చోబెట్టేవాళ్లు. ఆ దిమ్మె మీదికి తాడు పట్టుకుని దిగేది మా నాయన. పైకి వచ్చినప్పుడు ఆయన కళ్లు మాత్రమే తెల్లగా కనిపించేవి. ఎవరైనా కొత్త ఇంజను కొనాలని సలహాకు వస్తే, ఎన్ని హెచ్.పి. కావాలని ఆయన అడిగేవాడు కాదు. "నడిమధ్యలో ఆగిపోతే నువ్వేం చేస్తావప్పా?" అని అడిగేవాడు. జవాబు చెప్పలేని రైతును ఇంటికి పోయి ఆలోచించుకుని రమ్మనేవాడు.

ఎండుచేపలావిడ మా షెడ్డు పక్కకు వచ్చింది డెబ్బైల చివర్లో. నేనప్పుడు అనంతపురంలో కాలేజీ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. ఆమెది చీరాల అవతల సముద్రం ఒడ్డున ఒక పాలెం. అక్కడ ఎండుచేపలు బస్తాల్లో కట్టుకుని, రైళ్లు మారుతూ ధర్మవరం దాకా వచ్చి, చుట్టుపక్కల సంతల్లో అమ్ముకుని, నెలకోసారి ఊరికి పోయేది. బత్తలపల్లె సంత రోజున నీడ ఎక్కడా దొరక్క మా షెడ్డు గోడ పక్కన గంపలు దించింది. ఇంజను పనికి వచ్చిన ఒక రైతు ముక్కు మూసుకుని, "ఈ వాసనేంది మేస్త్రీ, ఆమెను పొమ్మను" అన్నాడు.

"నా డీజిలు వాసన నీకు బాగుండాదా? ఆయమ్మను ఉండనీ" అన్నాడు నాయన.

అంతే. ఆ తర్వాత ప్రతి సంతకూ ఆ గోడ పక్క జాగా ఆమెదయింది. మధ్యాహ్నం మా అమ్మ జొన్నరొట్టె పెట్టేది. ఆమె మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ తినని నెత్తళ్లనే చిన్న ఎండుచేపలను చింతపండు పులుసులో వండటం అమ్మకు నేర్పింది. మా అమ్మను వదినా అని, నాయనను అన్నా అని పిలిచేది. నేను ఆమెను అత్తా అన్నాను. ఎవరూ చెప్పి పెట్టిన వరసలు కావు.

ఆమె భర్త సముద్రంలో పోయాడని మాకు తెలుసు. ఎట్లా పోయాడో ఏడాది తర్వాత గానీ చెప్పలేదు. ఒకరోజు అమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని తనూ ఒలుస్తూ చెప్పింది. నడిసముద్రంలో కాదట. చేపల వేట అయిపోయి, ఒడ్డుకు వచ్చేస్తూ, అలలు విరిగే చోట నావ అడ్డం తిరిగిందట. ఈమె గంప పట్టుకుని ఒడ్డున నిలబడి ఉంది. ఆయన మొహం కనిపించేంత దగ్గరట.

"అప్పటి నుంచి ఆ నీళ్లకేసి చూళ్లేదొదినా. ఇంటికి పోయినా, పెరటి దారిన పోయి పెరటి దారినే వస్తా" అంది.

అమ్మ ఆమె ఒడిలోని కాయలు కొన్ని తన ఒడిలోకి తీసుకుని ఒలవసాగింది.

ఆమెకు ఒక్కడే కొడుకు. ఎనభైల నడుమకు వచ్చేసరికి అతనికి ఇరవై రెండేళ్లు. ఊళ్లో వేరేవాళ్ల నావల మీద వేటకు పోయేవాడు. నేనప్పటికి పక్క ఊళ్లో టీచరు ఉద్యోగం చేస్తూ ఇంటి నుంచే పోయి వస్తున్నాను. ఒక సంత రోజు ఆమె అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"అన్నా, వీడికి నీ పని నేర్పు. ఇక్కడే ఉంచుకో. ఇక్కడయితే నీళ్లుండవు" అంది.

ఆ చివరి మాటకు ఇంకో రోజయితే నవ్వేవాళ్లం. ఆమె మొహం చూసి ఎవరం నవ్వలేదు.

అతను మాతో నాలుగు నెలలు ఉన్నాడు. నెమ్మదైన మనిషి. వరసకు నన్ను వదినా అనాలి గానీ, టీచర్ గారూ అనేవాడు. నాయన చెప్పిందల్లా ఒకసారికే పట్టుకున్నాడు. వాల్వులు అరగదీయడం, నాజిల్ శుభ్రం చేయడం, పిస్టను రింగులు మార్చడం, అన్నీ నేర్చుకున్నాడు. కానీ సరిగా తినేవాడు కాదు. బుగ్గలు లోపలికి పోయాయి. అమ్మ ఒకరోజు నిలదీసింది.

"ఏమప్పా, మా తిండి నీకు సరిపోలేదా?"

"తిండి బాగుందత్తా. నిద్రే పట్టట్లేదు. ఇక్కడ చప్పుడు లేదు."

పుట్టినప్పటి నుంచి అలల చప్పుడులో పడుకున్న మనిషి అని మాకు అప్పుడు తట్టింది.

ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఒక కవరు నా చేతికిచ్చాడు. చేపల శాఖ ఆఫీసు నుంచి ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరం. పాలెం కుర్రవాళ్లకు మరపడవలు ఇప్పిస్తున్నారు. ఇతను ఇక్కడికి రాకముందే దరఖాస్తు పెట్టుకున్నాడు, అది మంజూరయింది. మూడు రకాల్లో ఏది కావాలో వచ్చే నెలాఖరులోపు తెలియజేయమని ఉంది. దానికి మూడు బొమ్మల కాగితాలు జతచేసి ఉన్నాయి.

"ఇది వచ్చి ఎన్నాళ్లయింది?" అన్నాను.

"నాలుగు రోజులు. ఊళ్లో స్నేహితుడు ఇక్కడికి పంపాడు. మా అమ్మకు చెప్పొద్దు టీచర్ గారూ. మామకు మీరే చెప్పండి."

నాయనకు చదివి వినిపించాను. ఆయన కాగితాలు చేతిలోకి తీసుకోలేదు. చేతికి గ్రీజు ఉందని అనుకున్నాను. తర్వాత చాలాసేపు సబ్బుతో కడుక్కుంటూనే ఉన్నాడు.

సంత రోజు ఆమె గంపలు సర్దుకునే వేళకు నాయన వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నేను వాకిట్లోనే ఉన్నాను.

"చెల్లెలా, వాడు ఈడ ఉండడమ్మా" అన్నాడు.

"ఉండమని చెప్పన్నా. నీ మాట వింటాడు."

"వింటాడు. ఉండమంటే ఉంటాడు కూడా. పని బాగా నేర్సుకున్నాడు, నాకన్నా నిలకడైన చెయ్యి. కానీ సచ్చిన ఇంజను మల్ల పలికినప్పుడు వాని మొగంలో ఏమీ ఉండదు. నాకు ఈ పనిలో ముప్పై ఏండ్లయింది, ఈ పొద్దుకీ పానం లేచి వస్తాది. వాని పానం యాడుండాదో నీకు తెలుసు."

ఆమె తలెత్తలేదు. "అయితే పంపించమంటావా?"

"పంపేది మనం గాదు. పోతాడు. ఏ పడవలో పోతాడనేది ఒగటే మనం చూడగలిగేది."

ఆమె గంప నెత్తిన పెట్టుకుని, మా అమ్మకు కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. తర్వాతి సంతకు రాలేదు. ఆ పై సంతకూ రాలేదు. నాయన గోడ పక్క జాగాలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. అమ్మ మాత్రం, "నువ్వు చెప్పింది నిజమే. రొవ్వంత మెల్లగా చెప్పుంటే పోయేది" అంది.

మూడో సంతకు వచ్చింది. గంపలు దించలేదు. నిలబడే అడిగింది.

"ఏ పడవన్నా?"

ఆ మధ్యాహ్నం షెడ్డులో పని ఆగింది. కాగితాలు నేల మీద పరిచి, ఎగిరిపోకుండా మీద స్పానర్లు పెట్టి, నేను ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెప్పాను. మొదటిది పెద్ద కొయ్య బోటు. ఆరు సిలిండర్ల ఇంజను, పైన గది, మంచుగడ్డ వేసి చేపను దాచే అర. నలుగురు కలిసి తీసుకోవాలి. రెండోది వాళ్లకు అలవాటైన నావే, వెనక బల్లకు తగిలించే కిరసనాయిలు మోటారుతో. మూడోది ఫైబరు పడవ. రెండు కొసలూ సన్నం. మధ్యలో పెట్టెలో చిన్న డీజిలు ఇంజను. ఒడ్డు దగ్గరికి వచ్చాక, నీళ్లలో తిరిగే పంకాను పైకి లేపుకోవచ్చు.

కొడుకుకు పెద్ద బోటు మీద మనసుంది. "నాలుగు రోజులు లోపలే ఉండి వేటాడొచ్చు మామా. ఎంత గాలైనా తట్టుకుంటది" అన్నాడు.

"నాలుగు దినాలుండి మల్ల యాడికి వస్తావు?"

"హార్బరుకి."

"మీ ఊరికి హార్బరు ఎంత దూరం?"

"బస్సులో మూడు గంటలు."

"గాలి ఎక్కువైతే ఆడిదాకా పోవల్లనా? మీ ఊరి ఒడ్డుకు రాలేవా?"

"ఆ బోటు ఇసక మీదికి రాదు మామా. లోతు కావాలి."

నాయన ఆ కాగితం మీది స్పానరు తీశాడు గానీ కాగితాన్ని పక్కన పెట్టలేదు. తర్వాత కిరసనాయిలు మోటారు గురించి అడిగాడు. తేలికని, బాగా వేగమని కొడుకు చెప్పాడు. అల మీద పడితే ప్లగ్గు తడుస్తుందా అని అడిగితే తడుస్తుందని ఒప్పుకున్నాడు. తడిస్తే ఎంతసేపటికి మళ్లీ పలుకుతుందంటే కాగితం మీది స్పానరును అటూ ఇటూ జరిపాడు.

అప్పటిదాకా ఎండుచేపలావిడ మాట్లాడలేదు. మేం ముగ్గురం ఎంత లోతు కావాలి, ఎంత వేగంగా పోగలదు, ఇంజను తడుస్తుందా అని మాట్లాడుకుంటున్నాం. ఆమె మెల్లగా, "అన్నా, పోయేటప్పటి సంగతి కాదు. వచ్చేటప్పుడు చూడండి" అంది. "పోయేటప్పుడు అల ఎదురుగా కనపడుద్ది. వచ్చేటప్పుడు వెనకాల వస్తది."

నాయన లేచి చొక్కా వేసుకుని, అందరినీ తనతో రమ్మన్నాడు. ఊరి బయట ఒక రైతు బావి దగ్గర ఆయన వారం కిందట బాగుచేసిన ఇంజను ఉంది. దాని పక్కనే గొట్టం నీళ్లు పడే సిమెంటు తొట్టి. మా వైపు అంత నీళ్లు ఒకచోట కనిపించేది అక్కడే. గట్ల మీది, నార తీసే కిత్తలి పొదల నడుమ ఎండి నిలబడిన పొడుగాటి కాడలుంటాయి, బెండులా తేలిక. కొడుకు ఒక కాడ నరికి, కొడవలితో, ఒడ్డుకు రాగల ఆ రెండింటికీ బొమ్మపడవలు చెక్కాడు. జానెడు పొడవు. ఒకదానికి వెనక చదునుగా కోశాడు, మోటారు తగిలించే నావకు ఉన్నట్టు. ఇంకోదానికి రెండు కొసలూ సన్నంగా తీశాడు. ఇంజను బరువు ఉండాలని నాయన రెండింటి కడుపులోనూ ఒక్కో నట్టు పెట్టాడు.

నీళ్లు నింపించి, ఇంజను ఆపించి, నాయన ఒక పలకతో తొట్టిలో అల లేపాడు. రెండు పడవలూ ఊగి నిలబడ్డాయి.

"అల అట్టా రాదన్నా" అంది ఆమె. కొంగు నడుముకు చుట్టి ఆ పలక తీసుకుంది. తొట్టి అంచున వంగి నీళ్లను రెండుసార్లు చిన్నగా తోసి, మూడోసారి అడుగు నుంచి పైకి లేపినట్టు బలంగా తోసింది. చదును వెనక ఉన్న పడవ తోక లేచి, ముక్కు నీళ్లలో గుచ్చుకుని, గిర్రున అడ్డం తిరిగింది. మరుక్షణం బోర్లా పడింది. నట్టు మునిగిపోయింది.

ఆమె పలక పట్టుకున్న చేతులు నీళ్లలోనే ఉన్నాయి. కొడుకు ఆ తల్లకిందులైన కిత్తలి ముక్కను చూస్తూ నిలబడ్డాడు. తండ్రి పోయినప్పుడు అతను ఒడ్డున లేడు. ఎట్లా జరిగిందో తల్లి అతనికి ఎన్నడూ చెప్పలేదట.

"రెండోది పెట్టురా" అంది.

అదే అల మళ్లీ లేపింది. రెండు కొసలూ సన్నగా ఉన్న పడవ వెనక అల చీలి రెండు పక్కలకు పోయింది. పడవ లేచింది, దిగింది, ముందుకే పోయింది. ఆమె నమ్మలేదు. పది పన్నెండుసార్లు తోసింది, చీర మోకాళ్ల దాకా తడిసింది. ఒకసారి అదీ పక్కకు ఒరిగి నీళ్లు తాగింది. అప్పుడామె నా వంక చూసి, "కాగితంలో దీని సంగతి ఏమన్నా రాశారా అమ్మాయ్?" అని అడిగింది.

రాశారు. పడవ పక్కల లోపల నురగలాంటి తేలిక పదార్థం నింపుతారని, పడవ నిండా నీళ్లొచ్చినా మునగదని, పట్టుకుని వేలాడటానికి అంచుల వెంట తాళ్లుంటాయని చదివాను. ఆ తాళ్ల మాట ఆమె నాచేత రెండోసారి చదివించుకుంది.

కొడుకుకు ఇంకా పూర్తిగా ఇష్టం లేదు. తిరిగి వస్తూ, "చిన్న పడవ మామా. చేప అంతగా పట్టదు. ఊళ్లో నవ్వుతారు" అన్నాడు.

"నవ్వనీప్పా. నువ్వు ఒడ్డుకొచ్చినాక నవ్వుతారు గదా. అది సాలు" అన్నాడు నాయన.

అతను ఇల్లు చేరాక కాగితాల్లో మూడోది తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమని నన్ను అడిగాడు.

పడవను సొంతానికి తీసుకునే ముందు సముద్రంలో నడిపి చూసుకోవచ్చని ఉత్తరంలో ఉంది. నాయన వస్తేనే తాను ఒప్పుకుంటానని ఆమె పట్టుబట్టింది. దసరా సెలవులు కాబట్టి నేనూ బయల్దేరాను. గుంతకల్లులో ఒక బండి, గుంటూరులో ఇంకో బండి మారి చీరాలలో దిగాం. దారిలో నంద్యాల దాటాక అడవులు వస్తే నాయన కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. ఇంత పచ్చదనం ఒకేచోట ఆయన చూడలేదు.

పాలెంలో ఇళ్ల మధ్య సందు దాటి ఇసక మీదికి వచ్చినప్పుడు సముద్రం ఎదురుగా ఉంది. ఆయన ఏమంటాడోనని చూస్తున్నాను. చెప్పులు విడిచి, నీళ్ల దాకా నడిచి, దోసిట్లోకి తీసుకుని నాలుక మీద వేసుకున్నాడు.

"ఈ ఉప్పుకు ఇనుము ఎన్నాళ్లు నిలుస్తాదప్పా?" అన్నాడు.

సముద్రం గురించి ఆయన అన్న మొదటి మాట అది. తర్వాత ఒక గంటసేపు పడవలోకి దూరి పైకి రాలేదు. స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని విన్నాడు. ఇంజను పెట్టె మూతకు సందు ఉందని, అల పైనబడితే గాలి పీల్చే చోటికి నీళ్లు పోతాయని పడవ తెచ్చిన ఆఫీసు మనిషికి చూపించాడు. చూద్దాంలే అన్నాడాయన. నాయన ఊళ్లో సైకిలు షాపుకు పోయి, పాత లారీ ట్యూబు తెచ్చి, బ్లేడుతో కోసి మూత చుట్టూ తనే అతికించాడు. ఆరేదాకా నడపనివ్వలేదు. అది ఆరేసరికి రెండో రోజయింది, గాలి కూడా పెరిగింది. అలలు దూరంగానే లేచి, తెల్లగా విరిగి, ఇసక అదిరేలా పడుతున్నాయి. ఇంకో రోజు చూద్దామని ఆఫీసు మనిషి అన్నాడు.

"ఇట్లాంటి దినమే గదా చూడాల్సింది" అని నాయన పంచె ఎగ్గట్టి పడవ ఎక్కాడు. లోతు బావుల్లో ఈదిన మనిషే. అయినా నేను పడవ దాకా వెంట నడిచాను. కొడుకు, అతని స్నేహితులిద్దరు, నాయన, మొత్తం నలుగురు. పదిమంది భుజాలు పెట్టి పడవను నీళ్లలోకి తోశారు. అది ముక్కు ఎత్తుకుంటూ, దించుకుంటూ అలలు దాటి అవతలికి పోయింది.

ఎండుచేపలావిడ నాతో ఒడ్డు దాకా వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత. కానీ సముద్రానికి వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి ఇసకలో కూర్చుంది. నా చీర కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకుంది.

"నువ్వు చూసి చెప్పమ్మాయ్" అంది.

"అవతలికి పోయారత్తా. చిన్నగా కనిపిస్తున్నారు."

కొంతసేపటికి, "తిరిగారా?" అంది.

"తిరిగారు. వస్తున్నారు."

"విరిగే చోటికి వచ్చారా?"

"ఇంకా లేదు. దగ్గరికొస్తున్నారు. మా నాయన నిలబడ్డాడు. చెయ్యి చూపించి ఏదో చెబుతున్నాడు."

సరిగ్గా ఆ అలల నడుమకు వచ్చేసరికి ఇంజను చప్పుడు ఆగిపోయింది. ఒడ్డున ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా నిలబడ్డారు. చప్పుడు ఆగిన సంగతి ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. కుచ్చిళ్లు పట్టుకున్న పిడికిలి బిగిసింది.

"ఆగిందా?"

"ఆగింది." ఆమె భుజం పట్టుకున్నాను. "వెనక పెద్ద అల వస్తోందత్తా. పడవ లేస్తోంది. పైన ఉంది. అడ్డం తిరగలేదు. మీవాడు తెడ్డు పట్టుకున్నాడు. దిగింది. దిగిందత్తా. ఇంకో అల. దాని మీద కూడా. ఇంజను పలికింది, వినపడుతోందా? వస్తున్నారు."

పడవ అడుగు ఇసకకు రాసుకున్న చప్పుడు విన్నాకే ఆమె తల తిప్పింది. కొడుకు దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నాయన వెనక మెల్లగా, తల నుంచి నీళ్లు కారుతూ నడిచి వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"నేనే ఆపమంటినమ్మా. ఆగితే ఏమవుతాదో నీకు తెలియల్ల గదా" అన్నాడు.

ఆమె చాలాసేపు ఏడ్చింది. కోపంతోనో సంతోషంతోనో నాకు తెలియలేదు. ఏడుస్తూనే తన కొంగుతో మా నాయన తల తుడిచింది, చిన్నపిల్లవాడికి తుడిచినట్టు. ఆయన తల వంచి తుడవనిచ్చాడు. మా అమ్మ తప్ప ఇంకెవరూ ఆయన తల ముట్టుకోగా నేను చూడలేదు.

పడవ తీసుకున్నారు. ఊళ్లో మొదట నవ్వినమాట నిజమే. తర్వాతి ఏడు అట్లాంటివే ఇంకో రెండు వచ్చాయి. ఎండుచేపలావిడ సంతలకు రావడం తగ్గించింది. కొడుకు తెచ్చే చేపను అక్కడే ఎండబెట్టి, అమ్మే పని ఇంకొకరికి అప్పగించింది. మాకు మాత్రం ఎవరో ఒకరి చేత నెత్తళ్లు పంపేది, మూటలో పైన కొడుకు రాసిన ఉత్తరం. ఇంజను ఎట్లా ఉందో, ఏ భాగం తుప్పు పట్టిందో, ఎన్ని గంటలకోసారి ఆయిలు మారుస్తున్నాడో రాసేవాడు. నాయన వాటికి జవాబులు చెబుతుంటే నేను రాసేదాన్ని.

రెండేళ్లకు వచ్చిన ఒక ఉత్తరం వేరుగా ఉంది. ముందు అందరి క్షేమమూ రాసి, తర్వాత రాశాడు. వాయుగుండం ముందు రోజు అనుకోని గాలి లేచిందట. అలలు విరిగే చోట పడవ తిరగబడిందట. పడవలోని ముగ్గురూ పక్క తాళ్లు పట్టుకుని వేలాడితే, పడవ మునగకుండా బోర్లా తేలుతూ, అర గంటకు వాళ్లను ఒడ్డుకు తెచ్చి పడేసిందట. ఒకతనికి భుజం జారింది. ఇంకేమీ కాలేదు. ఇంజనులో నీళ్లు పోయాయి మామా, ఇప్పి ఎండబెట్టాను, అని ముగించాడు.

నాయన అప్పుడు ఎవరిదో ఇంజను హెడ్డు ఇప్పి ముందు పెట్టుకుని ఉన్నాడు. స్పానరు కింద పెట్టి, "ఆ తాళ్లు పట్టుకున్న ముక్క మల్ల ఒకసారి చదువుమ్మా" అన్నాడు. చదివాను. ఇంకోసారి అన్నాడు. మళ్లీ చదివాను. ఆ పూట ఆ హెడ్డు బిగించలేదు. ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర మా అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. అమ్మ పెనం మీద రొట్టె కాలుస్తూ ఏమైందని అడిగితే, "ఏం లేదు. బాగుండారంట అందరూ" అన్నాడు.

"మనం పోయి చూసి రావల్ల" అంది అమ్మ.

ఆయన ఒక్కడే పోయి వస్తాడని అనుకున్నాను. కాదు. అమ్మ ట్రంకు పెట్టెలోంచి ఎర్రంచు ధర్మవరం చీర తీసింది. నాయన పనిముట్ల సంచి సర్దుకున్నాడు. అమ్మ అంతకుముందు రైలెక్కింది లేదు. ధర్మవరం స్టేషనులో కిటికీ పక్కన కూర్చోబెడితే, బండి కదిలేదాకా నా చేయి వదల్లేదు.

పది రోజుల తర్వాత తిరిగి వచ్చారు. నాయన మొహం ఇంకా నల్లబడింది. పడవ ఇంజనుకు ఏయే భాగాలు మార్చాడో చెప్పాడు. అమ్మ చెప్పింది వేరు. సముద్రం శానా పెద్దదంట, కానీ తాగేదానికి లేదంట. మొదటి రోజు వాళ్లు పచ్చిచేప కూర వండి పెడితే ముల్లు గొంతులో గుచ్చుకుని ఇక తిననందట. ఆ మర్నాటి నుంచి ఎండుచేపలావిడ కంచం ముందు కూర్చుని, ప్రతి ముక్కా తన వేళ్లతో విడదీసి, ముళ్లన్నీ ఏరి, అమ్మ కంచంలో వేసిందట.

"నేను తినేదాకా ఆయమ్మ తినలేదు" అంది అమ్మ. "ఉన్నన్నాళ్లూ అట్లే చేసింది. నాకు సిగ్గేసింది గానీ, బాగుండింది."